ఒప్పుకుంటే అయిపోతుంది

బెవన్ సోమవారం పొద్దున పోయాడు. ఆ సమయానికి అతని భార్య గ్లెనిస్ బ్రిస్బేన్‌లో ఆసుపత్రి కింది అంతస్తులో టీ కోసం వరసలో నిలబడి ఉంది. పైకి వెళ్ళేసరికి గది తలుపు దగ్గరే నర్సు ఎదురొచ్చింది. విన్న తర్వాత గ్లెనిస్‌కి టీ కప్పు ఎక్కడ పెట్టాలో తెలియలేదు. అలాగే పట్టుకుని నిలబడింది. చివరికి నర్సే ఆమె వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసి కప్పు తీసుకుని కిటికీ గట్టు మీద పెట్టింది.

మధ్యాహ్నం అతని వస్తువులు ఒక ప్లాస్టిక్ కవర్లో వేసి ఇచ్చారు. కళ్ళజోడు, వాచీ, బెల్టు, మడతపెట్టిన పశువుల సంత పత్రిక, సిగరెట్టు బదులు పీల్చే వేప్ గొట్టం, దాంట్లో పోసే ద్రవం ఉన్న చిన్న సీసా.

"ఈ వేప్ మాత్రం సూట్‌కేసులో పెట్టకండి," అంది నర్సు. "లోపల బ్యాటరీ ఉంటుంది కదా, విమానం కింద సామాన్లలో వెయ్యనివ్వరు. మీ దగ్గరే ఉంచుకోండి."

"మరి సీసా?"

"సీసా ఎందులో పెట్టినా పరవాలేదండీ. దేశం దాటని విమానాల్లో దాన్ని ఎవరూ పట్టించుకోరు."

గ్లెనిస్ తల ఊపింది. ఆ వస్తువు జోలికి ఆమె ఎప్పుడూ పోలేదు. ఏళ్ళ తరబడి తాగిన సిగరెట్లు మానడానికి డాక్టరు రాసిచ్చిన మందు అది. నింపడం, తుడవడం, ఛార్జింగు పెట్టడం అన్నీ బెవనే చూసుకునేవాడు. ఆసుపత్రిలో చేరిన రోజు కూడా గేటు బయట బెంచీ మీద కూర్చుని, నాలుక కొంచెం బయటపెట్టి, చుక్క పక్కకి పోకుండా ట్యాంకు నింపుకున్నాడు. "బయటికి రాగానే చేతికి సిద్ధంగా ఉండాలి," అన్నాడు. ట్యాంకు గాజులోంచి చూస్తే ద్రవం ఇంకా అంచుదాకా ఉంది.

ఆమె కవరులోంచి దాన్నీ కళ్ళజోడునీ తీసి తన హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది. బెవన్‌ని సొంత ఊరు కార్వెల్‌కి తీసుకువెళ్ళడానికి అక్కడి నుంచి అంత్యక్రియల బండి బయల్దేరింది. ఖననం వచ్చే మంగళవారం అనుకున్నారు. ఆమె బుధవారం విమానానికి టిక్కెట్టు తీసుకుంది.

*

బ్రిస్బేన్ విమానాశ్రయంలో పడమటి ఊళ్ళకి వెళ్ళే చిన్న విమానాల గేట్లు ఒక మూలగా ఉంటాయి. అక్కడ కూర్చున్నవాళ్ళలో సగంమంది టోపీలు ఒళ్ళో పెట్టుకుని ఉంటారు. గ్లెనిస్ కిటికీ పక్కన కూర్చుంది. ఎదురు వరసలో ఒక ఆదివాసీ నల్ల కుర్రాడు తెల్లచొక్కాని హ్యాంగర్‌కి తగిలించి, నేలకి తగలకుండా ఒక వేలితో ఎత్తి పట్టుకుని ఉన్నాడు. ఆమెని రెండుసార్లు చూశాడు. తర్వాత లేచి వచ్చాడు.

"మిస్?"

ఆమె తలెత్తింది. గడ్డం, వెడల్పాటి భుజాలు. కళ్ళు మాత్రం తను చదువు చెప్పిన మూడో తరగతిలో కిటికీ పక్క బల్ల మీది పిల్లాడివి.

"ట్రెంట్ డూలన్," అంది.

"గుర్తుపట్టేశారే! నేనింకా గుణకారాల్లోనే ఉన్నా మిస్. ఏడో ఎక్కం దాటలేదు."

"ఇళ్ళకి కప్పులు వేస్తున్నావని విన్నాను. మరి రేకులు ఎలా కొలుస్తావు?"

"ఫోనుందిగా." నవ్వి, ఆమె ముఖం చూసి ఆగాడు. "ఒక్కరే వెళ్తున్నారా? బెవ్ రాలేదా?"

"బెవన్ సోమవారం పోయాడు."

ట్రెంట్ టోపీ తీశాడు. చొక్కా ఒక చేతిలో, టోపీ ఒక చేతిలో పట్టుకున్నాడు. తర్వాత ఆమె పక్కన ఒక కుర్చీ వదిలి కూర్చున్నాడు.

"మా ఇంటి నీళ్ళ పంపు ఆయన తప్ప ఎవరు ముట్టుకున్నా పనిచేసేది కాదు," అన్నాడు. "తిట్టుకుంటూ వచ్చేవాడు. తిట్టుకుంటూ బాగుచేసేవాడు. డబ్బిస్తే ఇంకా తిట్టేవాడు."

గ్లెనిస్ నవ్వబోయింది. నోరు మాట వినలేదు.

"నేను మా నాన్ కోసం వెళ్తున్నా," అన్నాడు ట్రెంట్. "రేపు పొద్దున ఖననం."

ట్రెంట్ నాన్ అని పిలిచే ఆ నానమ్మ పేరు గ్లెనిస్ నోటిదాకా వచ్చి ఆగింది. పోయినవాళ్ళ పేరు వాళ్ళిళ్ళలో కొంతకాలం ఎవరూ పలకరు. "నిన్ను చెయ్యి పట్టుకుని బడికి తీసుకొచ్చింది ఆవిడే," అంది.

"చెవి పట్టుకుని." అతను చొక్కా కాలరు సవరించాడు. "మనవలం ఆరుగురం మోస్తాం. ముందు, కుడివైపు నేను. తనే చెప్పిపెట్టింది. 'ట్రెంట్ ముందుండాలి, లేకపోతే వాడు వెనకాల కబుర్లు చెప్తాడు' అందట."

"ఆలస్యం కాదు కదా?"

"ఈ విమానం దిగితే చాలు, టైముకి ఉంటా. ఇప్పటికే రెండుసార్లు వాయిదా పడింది. పాదిరీ నెలకోసారి వస్తాడు. చుట్టాలంతా దూరాల నుంచి వచ్చి కూర్చున్నారు. రేపు దాటితే కుదరదంది నోలా ఆంటీ."

గ్లెనిస్ హ్యాండ్‌బ్యాగు తెరిచి వేప్ తీసి చూపించింది. "ఇది దగ్గర పెట్టుకోమన్నారు. నాకు దీని సంగతి తెలియదు. దానంతటది వెలగదు కదా?"

అతను అందుకుని బొటనవేలితో మీట వెంటవెంటనే ఐదుసార్లు నొక్కాడు. చిన్న దీపం మినుకుమని ఆరిపోయింది. "ఇప్పుడు నిద్రపోయింది. ఇక పొరపాటున నొక్కుకున్నా లేవదు." వెలుతురుకి ఎత్తి చూశాడు. "ట్యాంకు నిండా ఉంది మిస్. ఎక్కేముందు ఖాళీ చెయ్యాలి. పైకెళ్ళాక లోపలి గాలి ఉబ్బి కారిపోతుంది. ఇటివ్వండి, బాత్రూములో వంపేసి తుడిచి తెస్తా."

గ్లెనిస్ చెయ్యి చాపి దాన్ని వెనక్కి తీసుకుంది.

"అది అతను నింపింది," అంది.

ట్రెంట్ తన సంచీలోంచి జిప్ కవరు ఒకటి తీశాడు. అందులోని బిస్కట్లు నోట్లో వేసుకుని, కవరు దులిపి, వేప్‌ని నిలువుగా అందులో పెట్టి జిప్ మూసి ఇచ్చాడు. "నిలబెట్టే ఉంచండి. పడుకోబెట్టకండి."

*

విమానంలో ఇద్దరికీ పక్కపక్క సీట్లు వచ్చాయి. ఆమె కిటికీ వైపు, అతను నడవా వైపు. తెల్లచొక్కాని ముందు సీటు కొక్కేనికి తగిలించి, ముడత పడకుండా మోకాలు పక్కకి పెట్టుకు కూర్చున్నాడు. ఎయిర్‌హోస్టెస్ ఒక్కతే. బ్రీ అని యూనిఫాం మీద పేరు. వేప్‌లు సామాన్లలో వెయ్యకుండా ఒంటి మీదే ఉంచుకోవాలనీ, విమానంలో వాడకూడదనీ, ఛార్జింగు పెట్టకూడదనీ, బాత్రూములో అస్సలు కుదరదనీ చెప్పింది. ఎవరూ తలెత్తలేదు.

విమానం నేల వదిలాక గ్లెనిస్ వంగి, కాళ్ళ దగ్గరున్న హ్యాండ్‌బ్యాగులో చెయ్యి పెట్టింది. జిప్ కవరు దొరికింది. ఒక మూల కొంచెం తెరిచింది. పుదీనా వాసన, దాని వెనక కొంచెం తీపి. సాయంత్రాలు వరండాలో గాలి ఇలాగే ఉండేది. మూయడానికి చెయ్యి రాలేదు. బ్యాగుని పాదాల మధ్యకి లాక్కుని, సీటుకి తల ఆనించి కళ్ళు మూసుకుంది.

కింద పొలాలు పోయి ఎర్రనేల వచ్చింది. ట్రెంట్ ఫోనులో ఏదో ఫొటో చూస్తున్నాడు. తర్వాత ఫోను జేబులో పెట్టుకుని లేచి బాత్రూముకి వెళ్ళాడు. చాలాసేపు రాలేదు.

వాసన ఎక్కువవుతోంది. గ్లెనిస్‌కి తెలుస్తూనే ఉంది. కళ్ళు మూసుకుంటే బెవన్ పక్కనే కూర్చున్నంత దగ్గరగా వస్తోంది. మనిషి పోయాక ఇలా ఉంటుందని ఎవరో అంటే వింది. నిజమే అనుకుంది. కళ్ళు తెరిస్తే పోతుందని తెరవలేదు.

"ఎవరో పీలుస్తున్నారండీ!" అన్నాడు ముందు వరసలో పెద్ద టోపీ ఆయన. "ముక్కు పనిచేసేవాళ్ళు ఇంకెవరూ లేరా ఇక్కడ?"

ఆమె కళ్ళు తెరిచింది. ట్రెంట్ నడవాలో వస్తున్నాడు. ముఖం తడిగా ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అతని వెనకే బ్రీ వచ్చింది.

"లోపల ఏం చేశావు?"

"ముఖం కడుక్కున్నా."

"ఇంతసేపా?"

"ఇంతసేపే."

"విమానం అంతా పుదీనా వాసన వస్తోంది. వేప్ ఉందా నీ దగ్గర?"

ట్రెంట్ జేబులోంచి తీసి చూపించాడు. "ఉంది. ఆపేసి ఉంది. పట్టుకు చూడండి, చల్లగా ఉంది. నాది పొగాకు రుచి, పుదీనా కాదు."

"జేబులో పెట్టుకుని మరీ బాత్రూముకి వెళ్ళావన్నమాట."

"సామాన్లలో వెయ్యొద్దు, ఒంటి మీద ఉంచుకోండి అని మీరే కదా చెప్పారు!"

పెద్ద టోపీ ఆయన ముక్కుతో నవ్వాడు. "దొరికాక అందరూ లాయర్లే."

ట్రెంట్ సీటులో కూర్చోబోతూ ఆగాడు. గాలి ఒకసారి పీల్చాడు. అతని చూపు కిందికి, గ్లెనిస్ పాదాల మధ్య ఉన్న హ్యాండ్‌బ్యాగు మీదికి వెళ్ళింది. అక్కడి నుంచి ఆమె ముఖం మీదికి వచ్చింది.

ఆ చూపు గ్లెనిస్ చూసింది. తన తరఫున ఒక మాట చెప్పమని అడుగుతున్నాడనుకుంది. బడి వెనక బాత్రూముల దగ్గర కాపలా ఉన్న రోజుల్లో ఇలాంటి ముఖాలు ఎన్నో చూసింది. పొగ తాగి, వాసన పోవడానికి నీళ్ళు కొట్టుకుని, ఎర్రకళ్ళతో బయటికొచ్చి 'నేను కాదు మిస్' అనే ముఖాలు. పిల్లవాడు చెడ్డవాడు కాదు. నాన్ పోయిన బాధలో ఒక్క దమ్ము పీల్చి ఉంటాడు. దాన్ని సాగదీస్తే పెద్దదవుతుంది.

"ట్రెంట్," అంది. తరగతిలో వాడే గొంతు అదే వచ్చింది. "చేసుంటే ఒప్పుకో. ఒప్పుకుంటే అయిపోతుంది."

అతను ఆమె వైపు చూస్తూ ఉండిపోయాడు. చొక్కా అంచు మోకాలికి తగులుతుంటే పక్కకి జరిపాడు.

"సరే మిస్," అన్నాడు. బ్రీ వైపు తిరిగాడు. "నేనే. సారీ."

బ్రీ వేప్ తీసుకుని ముందుకు వెళ్ళి, గోడకున్న ఫోను ఎత్తింది. గ్లెనిస్ అతని మణికట్టు మీద చెయ్యి వేసి రెండుసార్లు తట్టింది. ట్రెంట్ చెయ్యి కదపలేదు.

*

దారిలో డిల్లన్ క్రాసింగ్‌లో విమానం ఆగుతుంది. రేకుల షెడ్డు, నీళ్ళ ట్యాంకు, కంచె. దిగేవాళ్ళు దిగాక, ఆ ఊరి పోలీసు చెమట తుడుచుకుంటూ మెట్లెక్కి వచ్చాడు.

"ట్రెంట్ డూలన్ ఎవరయ్యా? సామాను తీసుకుని దిగు."

గ్లెనిస్ సీటు బెల్టు విప్పుకుంది. "అతను క్షమాపణ చెప్పాడండీ. అయిపోయింది కదా."

"ఒప్పుకున్నాడు కాబట్టే కదమ్మా నేనొచ్చింది. లేకపోతే ఎవరు చేశారో తేలక మేమే తల పట్టుకునేవాళ్ళం."

"రేపు పొద్దున అతని నాన్ ఖననం. కార్వెల్‌లో. అక్కడ ఉండి తీరాలి."

పోలీసు చెడ్డవాడిలా లేడు. టోపీ వెనక్కి జరుపుకున్నాడు. "విమానంలో ఎవరుండాలో కెప్టెన్ ఇష్టం. ఆయన వద్దన్నాడు. నేను దింపి, కాగితం చేతికివ్వడమే."

"తర్వాతి విమానం ఎప్పుడు?"

"శుక్రవారం," అంది బ్రీ. ఆమె గొంతు తగ్గింది. "కానీ మా విమానాల్లో ఇప్పట్లో ఎక్కనివ్వరు."

"పరవాలేదు మిస్," అన్నాడు ట్రెంట్. "మీరు కూర్చోండి." తెల్లచొక్కా కొక్కెం నుంచి తీసి, ఇందాకటిలా వేలికి తగిలించుకుని ఎత్తి పట్టుకున్నాడు. నడవాలో పెద్ద టోపీ ఆయన మోకాలు పక్కకి తీసి దారిచ్చాడు.

కిటికీలోంచి గ్లెనిస్‌కి అతను కనిపించాడు. కంచె అవతల రోడ్డు. ఆ రోడ్డు మీద కార్వెల్ మూడువందల కిలోమీటర్లు. బస్సు లేదు. విమానం రెక్కల పంకాలు తిరగడం మొదలవగానే దుమ్ము లేచింది. అతను వీపు తిప్పి చొక్కాకి అడ్డం నిలబడ్డాడు.

*

ఇంటికి వచ్చాక ఆమె హ్యాండ్‌బ్యాగు బెవన్ కుర్చీలో పెట్టింది. ఇల్లంతా ఎప్పుడూ ఉండే పుదీనా వాసనే. కర్టెన్లలో, కుర్చీ గుడ్డలో, అతని కోటులో. ఆమె కిటికీలు తెరవలేదు. రొట్టె ముక్క ఒకటి తిని పడుకుంది. ట్రెంట్‌కి ఎవరో ఒకరు బండి ఇచ్చే ఉంటారనుకుంది. ఒప్పుకోవడం మంచిదే అయిందనీ, లేకపోతే ఇంకేం చేసేవారోననీ కూడా అనుకుంది.

గురువారం పొద్దున అంత్యక్రియలవాళ్ళు ఫోన్ చేశారు. బెవన్‌కి వేయవలసిన బట్టలు తెచ్చిపెట్టమన్నారు. "కళ్ళజోడు కూడా తెస్తారా అమ్మా? కొందరికి అది లేకపోతే పోలిక రాదు."

ఆమె హ్యాండ్‌బ్యాగు తెరిచింది.

వేళ్ళకి జిగటగా తగిలింది. రుమాలు తడి. దువ్వెన తడి. అడుగున గుడ్డ చీకిపోయినట్టుగా నాని ఉంది. జిప్ కవరు మూల ఆమె తెరిచినంత మేరా తెరిచే ఉంది. వేప్ పక్కకి ఒరిగి ఉంది. గాజు ట్యాంకులో ఒక చుక్క మిగిలింది. కళ్ళజోడు అద్దాల మీద ద్రవం పల్చగా పరుచుకుంది. వాసన ఒక్కసారిగా ముఖాన కొట్టింది. నిన్న విమానంలో వచ్చింది ఈ వాసనే.

ఆమె కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది. బ్రిస్బేన్ వెళ్ళేటప్పుడు బెవన్ విమానం ఎక్కేముందు బాత్రూముకి వెళ్ళి ఎంతకీ రాకపోతే తను బయట నిలబడి విసుక్కుంది. అతను వేళ్ళు తుడుచుకుంటూ వచ్చి, "పనుంది లెండి మేడమ్," అన్నాడు. ఆ పనేమిటో అడగలేదు.

ట్రెంట్ చూపు గుర్తొచ్చింది. కిందికి, తర్వాత పైకి. తను సాయం అడుగుతున్నాడనుకున్న చూపు.

చేతులు కడుక్కుంది. వాసన పోలేదు. మళ్ళీ కడుక్కోకుండా బెవన్ పికప్ బండి తాళాలు తీసుకుని శ్మశానానికి బయల్దేరింది.

*

అప్పటికే శవపెట్టెని బండిలోంచి దించుతున్నారు. కంచె పొడుగునా కార్లు. తెల్లచొక్కాలు, నల్ల ప్యాంట్లు, ఎర్రమట్టి. గ్లెనిస్ గేటు దగ్గరే ఆగింది.

ఐదుగురు మోస్తున్నారు. ముందు కుడివైపు ఎవరూ లేరు. వెనక వరసలో పెద్దవాళ్ళున్నారు, బాబాయిలున్నారు, ఎవరైనా వచ్చి పట్టుకోవచ్చు. ఎవరూ రాలేదు. పెట్టె ఆ మూల కొంచెం కిందికి వాలింది. ఆ వైపు మధ్యలో ఉన్న అతను ఒక చేతిని ముందుకు చాచి ఖాళీ పిడిని అందుకున్నాడు. ఒళ్ళంతా వంకరపోయింది. రెండుసార్లు ఆగారు. గొయ్యి దాకా అలాగే తీసుకెళ్ళారు.

పాటలయ్యాక జనం వరసగా మట్టి వెయ్యడం మొదలుపెట్టారు. నోలా డూలన్ గుంపులోంచి గ్లెనిస్ దగ్గరికి వచ్చింది. బడి క్యాంటీనులో ఇద్దరూ ఏళ్ళ తరబడి పక్కపక్కన టీ తాగినవాళ్ళు.

"బెవ్ సంగతి విన్నాను," అంది నోలా.

"నోలా, విమానంలో పీల్చింది వాడు కాదు."

"తెలుసు."

"నా బ్యాగులో బెవన్ వేప్ కారింది. ఇవాళ పొద్దున దాకా నాకు..."

"తెలుసన్నానుగా. నిన్న ఫోన్ చేశాడు."

గ్లెనిస్ గేటు కమ్మీ పట్టుకుంది. "వాడికి తెలుసా?"

"వాసన తగలగానే తెలిసిందట. ఖాళీ చెయ్యమంటే నువ్వు చెయ్యలేదటగా."

"మరి నోరెందుకు విప్పలేదు?"

నోలా నవ్వింది. ఆ నవ్వు కళ్ళదాకా రాలేదు. "ఎవరి ముందు విప్పాలి? 'ఆ తెల్లావిడ సంచీ తెరిచి చూడండి' అని మా వాడు విమానంలో అంటే ఏమయ్యేదో నీకు తెలీదూ? ఇన్నేళ్ళూ ఈ ఊళ్ళోనేగా ఉన్నావు? మొగుడు పోయిన ముసలమ్మ మీదికి నెట్టాడని ఇంకో కేసు రాసేవాళ్ళు."

గ్లెనిస్ తన వేళ్ళ వంక చూసుకుంది.

"అదొకటి. ఇంకోటి, వాడికి జాలెక్కువ. 'మిస్ దాన్ని పట్టుకుని కూర్చుంది ఆంటీ, చూస్తే లాక్కుంటారు' అన్నాడు. బాగా తిట్టాను. నిన్ను చూసి ఎవడు జాలిపడ్డాడురా అని. నాన్ నీకోసం ముందు పిడి ఉంచిందిరా దద్దమ్మా అని. అటువైపు ఏడుస్తున్నాడు. ఇటు నేను తిడుతున్నాను."

"ఒప్పుకోమన్నది నేనే."

"అదీ చెప్పాడు."

జనం ఒక్కొక్కరే గొయ్యి దగ్గర్నుంచి వెనక్కి వస్తున్నారు. ఎవరో ముసలాయన నోలా భుజం తట్టి వెళ్ళాడు.

"ఇప్పుడే వాళ్ళకి ఫోన్ చేసి చెప్తాను," అంది గ్లెనిస్. "పోలీసులకి కూడా. నిజం చెప్తాను."

"చెప్పు. చెప్పొద్దన్నానా?" నోలా గొయ్యి వైపు చూసింది. "చెప్తే అయిపోతుందంటావు. అంతేనా?"

నోలా గిరుక్కున వెనక్కి తిరిగి నాలుగడుగులు వేసింది. ఆగింది.

"వచ్చావుగా. మట్టి వేసి వెళ్ళు."

గ్లెనిస్ వరస చివర నిలబడింది. వంగి పిడికెడు తీసుకుంది. మట్టి ఆమె వేళ్ళకి అంటుకుని సరిగ్గా రాలలేదు.

ట్రెంట్ ఆ మధ్యాహ్నం పశువుల లారీలో వచ్చి కూడలి దగ్గర దిగాడు. అప్పటికి గొయ్యి పూడ్చేశారు. తెల్లచొక్కా తొడుక్కునే వచ్చాడనీ, నేరుగా శ్మశానానికి నడిచి వెళ్ళాడనీ కొట్లో చెప్పుకున్నారు.

*

శుక్రవారం ఆమె విమానాల కంపెనీకి ఫోన్ చేసింది. చాలాసేపు సంగీతం వినిపించాక ఒక యువకుడు పలికాడు. గ్లెనిస్ జరిగిందంతా వరసగా, తొందరపడకుండా చెప్పింది. అతను మర్యాదగా విన్నాడు.

"మీ బాధ అర్థమైందమ్మా. కానీ ఆయన స్వయంగా ఒప్పుకున్నారు కదా."

"నేను ఒప్పుకోమన్నాను కాబట్టి ఒప్పుకున్నాడు."

"బెదిరించారా?"

"లేదు. వాళ్ళ టీచర్ని."

అటువైపు కీబోర్డు టకటకలాడింది. "ఒప్పుకున్నాక ఇంక విచారించడానికి ఏమీ ఉండదమ్మా. కాదంటే ఆయనే దరఖాస్తు పెట్టుకోవాలి. వేరేవాళ్ళు పెడితే తీసుకోము."

కార్వెల్ పోలీసు స్టేషనుకి హ్యాండ్‌బ్యాగు పట్టుకెళ్ళింది. అక్కడి సార్జెంటు కూడా ఆమె దగ్గర చదువుకున్నవాడే. బ్యాగులో ముక్కు పెట్టి వాసన చూసి, దగ్గి, మూసి ఇచ్చాడు. "నమ్ముతాను మిస్. నేనెందుకు నమ్మను? డిల్లన్ వాళ్ళకి చెప్తాను. కానీ కేసు వాళ్ళది."

సాయంత్రం నోలాకి ఫోన్ చేసింది. దరఖాస్తు మాట చెప్పింది.

"పెట్టడట," అంది నోలా. "అడిగాను. 'ఒకసారి అవునన్నా. ఇప్పుడు కాదంటే అప్పుడు అబద్ధం ఆడినట్టు, ఇప్పుడు నిజం చెప్తున్నానన్నా ఎవడూ నమ్మడు. వదిలెయ్ ఆంటీ' అన్నాడు."

"నేను వచ్చి మాట్లాడనా?"

"వాడు మా ఇంటి కప్పు మీదున్నాడు. ఎవరితోనూ మాట్లాడటం లేదు. రేకులు బిగిస్తున్నాడు."

శనివారం గ్లెనిస్ బెవన్ బట్టలు ఇస్త్రీ చేసింది. కళ్ళజోడు సబ్బునీళ్ళలో కడిగింది. ఆరబెట్టి, వాసన చూసి, మళ్ళీ కడిగింది. ఆదివారం నోలా వాళ్ళ వీధి దాకా నడిచింది. కప్పు మీద సుత్తి చప్పుడు వినిపించింది. చప్పుడు ఆగేదాకా వీధి మూలన నిలబడి, ఆగాక వెనక్కి వచ్చేసింది.

సోమవారం పొద్దున మళ్ళీ వెళ్ళింది. ఈసారి గేటు దాకా వెళ్ళింది. ట్రెంట్ తన సంచీని కజిన్ కారు వెనక పెడుతున్నాడు. విమానం లేదు కాబట్టి బ్రిస్బేన్‌కి రెండు రోజులు రోడ్డు మీదే పోవాలి. తెల్లచొక్కా మడతపెట్టి సంచీ పైన ఉంది. ఆమెని చూసి టోపీ అంచు ముట్టుకున్నాడు.

"మిస్."

"ట్రెంట్."

దారంతా ఒక వాక్యం తయారుచేసుకుంటూ వచ్చింది. చిన్నదే. పిల్లలచేత కొన్ని వేలసార్లు చెప్పించింది. నోరు తెరిచింది. కజిన్ లోపలి నుంచి హారన్ కొట్టాడు. "ఎండెక్కుతోందిరా, ఎక్కు!"

"రేపే కదా మిస్, బెవ్‌ది?" అన్నాడు ట్రెంట్. "ఉండలేకపోతున్నా. పనికి వెళ్ళాలి. ఏమనుకోకండి."

"ఏమీ అనుకోను," అంది గ్లెనిస్. "సాయంత్రం కంగారూలు రోడ్డెక్కుతాయి. నెమ్మదిగా వెళ్ళండి."

"అలాగే మిస్."

కారు వీధి మలుపు తిరిగింది. నోలా వరండాలో బట్టలు ఆరేస్తోంది. గ్లెనిస్ వైపు చూసి, ఏమీ అనకుండా ఇంకో బట్ట దులిపింది.

బెవన్‌ని మంగళవారం పూడ్చారు. ట్రెంట్ మీది నిషేధం అలాగే ఉంది. తప్పు తనదని గ్లెనిస్ నోలాకి చెప్పింది, కంపెనీకి చెప్పింది, పోలీసులకి చెప్పింది, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పింది. ట్రెంట్‌కి ఇంకా చెప్పలేదు.